తెర మీద ఆట: మేలెంత, అపవాదెంత

2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్ జరిగింది. మధ్యలో సర్వర్ దెబ్బతిని ఇద్దరు భారత క్రీడాకారులు టైమ్ అయిపోయి ఓడినట్టు నమోదైంది. భారత్ అభ్యంతరం చెప్పడంతో చివరికి భారత్‌నీ రష్యానీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. భారత జట్టులో పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్నారు, ముగ్గురూ తెలుగువాళ్ళు. మూడు రోజులకి, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ అనే తుపాకుల ఆట ఉంది. ఆ మర్నాడే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించాలని నిర్ణయించింది.

మూడూ ఫోన్లోనో కంప్యూటర్లోనో ఆడేవే. మొదటిదానికి పత్రికలు మొదటి పేజీలో ఫొటోలు వేశాయి. రెండోదానికి తల్లిదండ్రులు పీడ వదిలిందనుకున్నారు. నిజానికి ఆ నిషేధం దేశ భద్రత, డేటా రక్షణ పేరుతో వచ్చింది. పిల్లల చదువు ప్రస్తావన అందులో లేదు. అయినా ఇళ్ళలో దాన్ని అర్థం చేసుకున్న తీరు మాత్రం పిల్లలు బాగుపడతారనే. మూడోది సూటిగా జూదం మీద దెబ్బ. కాని రచ్చబండ దగ్గరా, బస్సులోనూ, టీవీ చర్చల్లోనూ ఈ రెండోదీ మూడోదీ ఒకే సంచిలో పడిపోతాయి. ఆన్‌లైన్ గేమ్‌లకి బానిసయ్యాడని వార్త వస్తే, అందులో ఉన్నది రమ్మీ యాప్‌లో జీతమంతా పోగొట్టుకుని అప్పులపాలైన ఉద్యోగి కావచ్చు, రాత్రి పన్నెండు దాటినా ఫోన్ వదలని ఇంటర్ కుర్రాడూ కావచ్చు. ఇద్దరి బాధలూ వేరు, వాటికి కారణాలూ వేరు.

వీడియో గేమ్‌ల లాభనష్టాల మీద గత ఇరవై ఏళ్ళలో వచ్చిన పరిశోధన కొండంత ఉంది. అందులో ముఖ్యమైనవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. గేమ్‌లు ఆడితే తెలివి పెరుగుతుందన్న వాదన బలహీనంగా ఉంది. ఆట వల్ల మనసు తేలికపడుతుందనీ, మనిషికి మనిషి తోడవుతాడనీ చెప్పే ఆధారాలు అంతకంటే గట్టిగా ఉన్నాయి. మన సమాజం మాత్రం మొదటిదాన్నే పట్టుకుని అడుగుతుంది. ఆట మార్కుల్లోకో జీతంలోకో మారితే తప్ప అది మన లెక్కలోకి రాదు.

ఈ అనుమానం వీడియో గేమ్‌లతో పుట్టింది కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు చదివే ఆడపిల్లలు పాడైపోతారని ఒక కాలంలో బెంగపడ్డారు. సినిమాల పిచ్చి పట్టిన కొడుకు గురించి బెంగపడని తండ్రి మరో కాలంలో లేడు. బయటి దేశాల్లో ప్రభుత్వాలే రంగంలోకి దిగాయి. ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ 1981లో వీడియో గేమ్ యంత్రాలను దేశమంతటా నిషేధించాడు. చైనా 2000లో గేమ్ కన్సోళ్ళ అమ్మకాన్ని ఆపి, పదేళ్ళు దాటాక గాని మళ్ళీ అనుమతించలేదు. అమెరికాలో 1993లో సెనేట్ విచారణలు జరిగాయి, ఆ మరుసటి ఏడాది నుంచి గేమ్‌లకు వయసుల వారీ రేటింగులు వచ్చాయి. హింసాత్మకమైన గేమ్‌లను మైనర్లకు అమ్మకుండా కాలిఫోర్నియా తెచ్చిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో కొట్టేసింది. చవక నవలల మీద, సినిమాల మీద, కామిక్స్ మీద లోగడ ఇలాంటి భయాలే వ్యక్తమయ్యాయని ఆ తీర్పు గుర్తు చేసింది.

మన ఇళ్ళలోకి ఈ ఆటలు వచ్చిన దారి మాత్రం వేరు. 1990లలో టీవీకి తగిలించే క్యాసెట్ల గేమ్ కొందరి ఇళ్ళలోనే ఉండేది. వేసవి సెలవుల్లో వీధిలోని పిల్లలంతా అక్కడే. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరం వచ్చింది. నోకియా ఫోన్లో పాము ఆట ఆడనివాళ్ళు అప్పట్లో అరుదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక లెక్క మారిపోయింది. అంతవరకు ఆటకి ఒక చోటు ఉండేది, ఆ చోటు నుంచి లేచి వచ్చేస్తే ఆట ముగిసేది. ఇప్పుడు ఆట, బడి, బ్యాంకు, సినిమా అన్నీ ఒకే ఫోన్లో. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి దాన్ని నలుగురు పంచుకునే చోట, పిల్లాడు చదువుతున్నాడో ఆడుతున్నాడో తల్లికి తెలిసే దారే లేదు. "ఆ ఫోన్ పగలగొడతా" అనే మాట ఆ నిస్సహాయతలోంచి వస్తుంది. అందుకే తల్లిదండ్రుల భయాన్ని పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక తెలివితేటల సంగతి. ఈ కథంతా 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో ఊపందుకుంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియే అనే ఇద్దరు, గేమ్‌ల అలవాటు లేనివాళ్ళను రెండు బృందాలు చేశారు. ఒక బృందం రోజుకో గంట చొప్పున పది రోజులు మెడల్ ఆఫ్ ఆనర్ అనే యుద్ధపు ఆట ఆడింది, రెండోది పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆడింది. తర్వాత పరీక్షిస్తే యుద్ధపు ఆట ఆడినవాళ్ళు చూపుకి అంచున ఉన్న వస్తువులను త్వరగా గుర్తించారు, వెంటవెంటనే మెరిసి మాయమయ్యేవాటిని మెరుగ్గా పట్టుకున్నారు. పది గంటల ఆటతో మార్పు కనిపించడం పెద్ద వార్తే.

2007లో వచ్చిన మరో అధ్యయనాన్ని గేమ్‌ల అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. న్యూయార్క్‌లో జేమ్స్ రాసర్ బృందం 33 మంది సర్జన్లను పరీక్షించింది. లాప్రోస్కోపీ ఆపరేషన్ ఎలా చేస్తారో ఒకసారి ఊహించండి. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పొడవాటి సన్నని పరికరాలు పంపుతారు. డాక్టర్ తన చేతుల వంక చూడడు, ఎదురుగా ఉన్న తెరనే చూస్తాడు. రంధ్రం దగ్గర పరికరం తిరగబడుతుంది కాబట్టి చెయ్యి ఎడమకి జరిపితే లోపలి కొస కుడికి పోతుంది. లోతు తెలియదు, తెర చదునుగా ఉంటుంది. ఆ స్థితిలో దారాన్ని ఒక పట్టకారు నుంచి మరో పట్టకారుకి అందించాలి. లోగడ వారానికి మూడు గంటలకు మించి గేమ్‌లు ఆడిన సర్జన్లు ఇలాంటి అభ్యాసాల్లో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా ముగించారు. తెర చూస్తూ చేతులు ఆడించడమే గేమ్‌లోనూ పని కాబట్టి ఇది నమ్మశక్యంగానే ఉంది. అయితే పరీక్షించింది 33 మందినే. చేతివాటం సహజంగా ఉన్నవాళ్ళే గేమ్‌ల వైపు మొగ్గారేమో కూడా ఈ పద్ధతిలో తేల్చలేం.

అసలు తగువు 2018లో వచ్చింది. సైకలాజికల్ బులెటిన్ అనే ఒకే పత్రికలో, ఒకే ఏడాది, కొద్ది వారాల తేడాలో రెండు సమీక్షలు అచ్చయ్యాయి. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కూడి లెక్కగట్టినవే రెండూ. యాక్షన్ గేమ్‌లు దృష్టినీ, స్థల జ్ఞానాన్నీ కొంత పెంచుతున్నాయని బావెలియే కూడా పాల్గొన్న మొదటి సమీక్ష తేల్చింది. గేమ్ శిక్షణ వల్ల ఇతర మేధాశక్తులు పెరుగుతాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదని జొవానీ సాలా, ఫెర్నాండ్ గోబే బృందం రాసిన రెండోది తేల్చింది. రెండింటినీ చదివాక నాకు రెండో పక్షం మాటే ఎక్కువ సబబుగా అనిపించింది. ఒక పనిని సాధన చేస్తే ఆ పనిలోనూ, దానికి చాలా దగ్గరగా ఉండే పనుల్లోనూ నేర్పు వస్తుంది. అది లెక్కల పరీక్షకో, జ్ఞాపకశక్తికో దూకిపోవడం అరుదు. ఇది చెస్‌కీ వర్తిస్తుంది, సంగీతానికీ వర్తిస్తుంది. మెదడుకి పదునంటూ నెలవారీ చందా వసూలు చేసే యాప్‌ల విషయంలో తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వైద్యంలో, శాస్త్రంలో గేమ్‌ను పనిముట్టుగా వాడుకోవడం వేరే సంగతి, అక్కడ ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదానికి గురై ఆసుపత్రికి వచ్చిన 71 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఎమర్జెన్సీ విభాగంలో ఉండగానే, ప్రమాదం జరిగిన ఆరు గంటల లోపు, కొందరిని ఆ ఘటనను క్లుప్తంగా తలచుకోమని చెప్పి టెట్రిస్ ఆడించారు. తర్వాతి వారంలో ప్రమాద దృశ్యాలు వాళ్ళ కళ్ళ ముందుకి అప్రయత్నంగా రావడం మిగతావారితో పోలిస్తే 62 శాతం తగ్గింది. పడే ముక్కల ఆకారాలను మనసులో తిప్పుకోవడంలో మునిగిన మెదడుకి ఆ భయానక చిత్రాన్ని గట్టిగా ముద్ర వేసుకునే తీరిక దొరకదని పరిశోధకుల వివరణ. క్యాన్సర్ ఉన్న యువతీ యువకుల కోసం తయారైన రీ-మిషన్ అనే గేమ్ ఆడినవాళ్ళు మందులు క్రమం తప్పకుండా వేసుకున్నారని 375 మందితో చేసిన పరీక్షలో 2008లో తేలింది. కాలిన గాయాలకి కట్టు మార్చేటప్పుడు మంచు లోకంలో విహరించే ఆట కళ్ళకి తగిలిస్తే నొప్పి తగ్గుతుందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. ఫోల్డిట్ అనే గేమ్ ఆడేవాళ్ళు, శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తేల్చలేని ఒక వైరస్ ప్రోటీన్ ఆకృతిని 2011లో కొద్ది వారాల్లో పట్టుకున్నారు.

నాకు వీటన్నిటికంటే ఆసక్తి కలిగించింది సీ హీరో క్వెస్ట్. 2016లో డిమెన్షియా పరిశోధన కోసం తయారైన ఈ పడవ ఆటను 40 లక్షల మందికి పైగా ఆడారు. దారి వెతుక్కునే శక్తి ఎవరిలో ఎంతుందో ఆట నడిచిన తీరును బట్టి కొలిచారు. నగరాల్లో పెరిగినవాళ్ళకంటే పల్లెల్లో పెరిగినవాళ్ళు దారి బాగా పట్టగలరని 2022లో నేచర్‌లో వచ్చిన వ్యాసం చెప్పింది. చిన్నప్పుడు వంకర దారులు తిరిగినవాళ్ళకి పెద్దయ్యాక కూడా అది పనికొస్తుంది. పాతిక మందితో ప్రయోగశాలలో చేసే పరీక్షకీ, లక్షలమంది సరదాగా ఆడుతూ ఇచ్చిన సమాచారానికీ పోలికే లేదు.

ఇక నేను అన్నిటికంటే పెద్ద మేలనుకునేది ఏమిటో చెప్పాలి. ఓస్లోలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధితో పుట్టాడు. చిన్ననాడే వీల్ చెయిర్‌కి పరిమితమయ్యాడు. చివరి ఏళ్ళలో వేళ్ళు మాత్రమే కాస్త కదిలేవి. రోజులో ఎక్కువ భాగం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుతూ గడిపేవాడు. కొడుకు ఏ స్నేహమూ, ప్రేమా, ఎవరికీ ఉపయోగపడ్డానన్న తృప్తీ లేకుండానే వెళ్ళిపోతాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. రాత్రిళ్ళు ఆలస్యంగా ఆడకుండా ఆపాలనీ చూశారు. 2014 నవంబరులో, 25వ ఏట అతను చనిపోయాడు. కొడుకు బ్లాగు పాస్‌వర్డ్ తండ్రి దగ్గర ఉంది. ఆ కబురు అందులో రాసి, ఎవరైనా మాట్లాడదలిస్తే రాయమని ఈమెయిల్ చిరునామా ఇచ్చాడు.

ఉత్తరాలు రావడం మొదలైంది. ఒకటి, రెండు, తర్వాత ఆగలేదు. ఐరోపాలో ఎక్కడెక్కడి నుంచో మనుషులు పేజీలకి పేజీలు రాశారు. ఆటలో అతని పేరు ఐబెలిన్. రోజూ ఒకే దారిలో పరుగు తీస్తూ, ఎదురైనవాళ్ళతో కబుర్లాడేవాడట. కంప్యూటర్ లాక్కున్నారని కుంగిపోయిన ఒక అమ్మాయి తరఫున ఆమె తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడట. ఆటిజం ఉన్న కొడుకుని ఎలా దగ్గర చేసుకోవాలో తెలియని ఒక తల్లికి, ఆ అబ్బాయితో ఆటలోనే మాట్లాడి చూడమని దారి చూపించాడట. అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి అతని గేమ్ బృందం సభ్యులు వచ్చారు. రాలేనివాళ్ళు ప్రయాణ ఖర్చులకు చందాలేశారు. ఈ కథతో బెంజమిన్ రే తీసిన డాక్యుమెంటరీ 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆ తల్లిదండ్రులు కొడుకుని ప్రాణంగా చూసుకున్నవాళ్ళు. అయినా తలుపు అవతల, తమ ఇంట్లోనే, కొడుకు పదేళ్ళపాటు పదిమందికి ఆప్తుడిగా బతికాడని వాళ్ళకి తెలియలేదు. ఆట వల్ల ఏం లాభం అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ మనిషే.

ఇంత అసాధారణం కాకపోయినా ఇలాంటి తోడు మన దగ్గరా ఉంది. ఏ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్‌లోనైనా రాత్రి పదింటికి వరండాలో నిలబడితే వినిపిస్తుంది. ఆటలో నలుగురు స్క్వాడ్‌గా విమానంలోంచి దూకుతారు. ఎక్కడ దిగాలో ఒకడు మ్యాప్ మీద గుర్తు పెడతాడు. "మామా, ఆ ఇంట్లోకి పోకు, మెట్ల మీద అడుగుల చప్పుడుంది." "నా దగ్గర మెడ్‌కిట్ ఒకటే ఉంది, తీస్కో." "నాకౌట్ అయ్యా, రివైవ్ చెయ్‌రా." కింద పడ్డవాడిని లేపడానికి పోయి తానూ కాల్పులకు దొరికిపోయినవాడి మీద రూమంతా అరుస్తారు, వాడిని మర్నాటిదాకా మెచ్చుకుంటారు కూడా. చదువైపోయి ఒకడు డాలస్‌కీ, ఇంకొకడు బెంగళూరుకీ వెళ్ళాక, ఫోన్ చేసి మాట్లాడదామంటే మాటలు కరువైపోయే ఆ స్నేహాలు, వారానికో రాత్రి ఆట పెట్టుకుంటే నిలబడుతున్నాయి. మగపిల్లలు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పడం తక్కువ. పక్కపక్కన ఏదో పని చేస్తూ మాత్రం చాలా చెప్పుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో లూడో కింగ్ చేసిందీ అదే. పచ్చీసు, అష్టాచెమ్మా ఎరిగిన అమ్మమ్మలకు ఆ ఆటను ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. న్యూజెర్సీలో మనవడు, తెనాలిలో అమ్మమ్మ ఒకే పలక మీద పావులు కదిపారు.

ఆట ఆడితే మనసుకి బాగుంటుందా అనే ప్రశ్నను చాలాకాలం ఆటగాళ్ళనే అడిగి తేల్చేవారు, వాళ్ళు చెప్పే గంటల లెక్క ఎప్పుడూ తప్పే. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆండ్రూ షిబిల్‌స్కీ బృందం కంపెనీల నుంచే అసలు ఆడిన సమయం తీసుకుంది. 3,274 మందితో 2021లో వచ్చిన వ్యాసంలో, ఎక్కువ ఆడినవాళ్ళు కొద్దిగా ఎక్కువ హాయిగా ఉన్నట్టు కనిపించింది. 2022లో దాదాపు 39 వేల మందితో మళ్ళీ చూస్తే, ఆడే గంటల వల్ల మనసు బాగుపడటం గాని చెడటం గాని దాదాపు ఏమీ లేదని తేలింది. ఏ కారణంతో ఆడుతున్నారన్నదే తేడా తెచ్చింది: ఇష్టంతో ఆడితే మేలు, ఆడకపోతే ఉండలేక ఆడితే కీడు.

జపాన్‌లో కోవిడ్ కాలంలో అనుకోకుండా ఒక సహజ ప్రయోగం జరిగింది. నింటెండో స్విచ్, ప్లేస్టేషన్ 5 దొరక్క దుకాణాలు లాటరీ పెట్టాయి. ఎవరికి తగిలిందో ఎవరికి తగల్లేదో అదృష్టమే తేల్చింది కాబట్టి, ముందునుంచే హుషారైనవాళ్ళు గేమ్ కొన్నారేమో అనే చిక్కు ఇక్కడ లేదు. సుమారు 98 వేల సర్వే జవాబుల్లోంచి లాటరీలో పాల్గొన్నవాళ్ళను వేరు చేసి పోల్చారు. కన్సోల్ దొరికినవాళ్ళ మానసిక స్థితి మెరుగ్గా ఉందని 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో ప్రచురించారు. రోజుకి మూడు గంటలు దాటాక ఆ మేలు పలచబడింది. నేను చూసినంతలో ఈ రంగంలో ఇంత శుభ్రమైన ఆధారం ఇంకొకటి లేదు. మనుషులు ఇళ్ళలో బందీలైన కాలం నాటి ఫలితమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

హింస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తుపాకుల ఆటలు ఆడితే పిల్లలు నేరస్థులవుతారన్న వాదనకు ఆధారం నిలవలేదు. 14, 15 ఏళ్ళ వయసున్న వెయ్యి మంది బ్రిటిష్ పిల్లలతో 2019లో ఆక్స్‌ఫర్డ్ చేసిన అధ్యయనంలో సంబంధం కనిపించలేదు. కాల్పుల ఘటనలకు గేమ్‌లను కారణంగా చూపడం శాస్త్రీయం కాదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ప్రకటించింది.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది డబ్బు. రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అన్న న్యాయ చర్చ మన నేల మీదే పుట్టింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ళ మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1960ల చివర్లో చెప్పింది. అర్ధశతాబ్దం తర్వాత రమ్మీ యాప్‌లు ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నాయి. అప్పుడు కోర్టు చూసింది నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటని. ఇప్పటిది ఇరవై నాలుగు గంటలూ జేబులో ఉండి, ఓడినవాడికి వెంటనే మరో బల్ల చూపించే యంత్రం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన నటుల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే గేమ్‌లన్నిటినీ నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. డబ్బున్నదీ డబ్బు లేనిదీ అన్న ఈ గీత సరైన చోటే పడిందని నా అభిప్రాయం.

కాని గీత మీద నిలబడ్డ ఆటలూ ఉన్నాయి. ఊరికే ఆడొచ్చంటారు, లోపల డైమండ్లు (ఆటలోని నాణేలు), స్కిన్లు (పాత్రల వేషాలు) అమ్ముతారు. ఏముందో తెలియని పెట్టెను డబ్బిచ్చి తెరిపిస్తారు. బెల్జియం 2018లో ఇలాంటి పెట్టెలను జూదం కిందే జమకట్టింది. మన దగ్గర తండ్రి యూపీఐ పిన్ తెలిసిన పదేళ్ళ పిల్లాడు టాప్-అప్ పేరుతో వేలు ఖర్చు చేసేవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పిల్లాడిని కొట్టడానికి ముందు, వాడిని ఆ మీట నొక్కించడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్న పరిశ్రమ గురించి కోపం రావాలి.

రెండోది వ్యసనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన వ్యాధుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. దాని కొలత గంటలు కావు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితమంతా దాని వెనక్కి పోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి. ఆ లెక్కన సెలవుల్లో నాలుగు గంటలు ఆడి, బడి తెరిచాక మానేసే పిల్లాడు రోగి కాడు. ఆ హద్దు దాటినవాళ్ళ కోసం బెంగళూరు నిమ్హాన్స్ 2014లో ప్రత్యేక క్లినిక్ తెరిచింది. తెలుగు జిల్లా కేంద్రాల్లో ఆ అవసరం ఇప్పుడు కనిపిస్తోంది. ఆ దారి తెలియని కుటుంబాలు తిట్లు, దెబ్బలు, ఫోన్ లాక్కోవడం దగ్గరే ఆగిపోతున్నాయి. చట్టంతో గంటలు కుదించడం పెద్దగా పనిచేయలేదు. పదహారేళ్ళ లోపు పిల్లలు అర్ధరాత్రి దాటాక ఆడకుండా దక్షిణ కొరియా 2011లో చట్టం తెచ్చింది. అది కంప్యూటర్ ఆటలకే వర్తించింది, పిల్లలు ఫోన్లకు మారిపోయారు. పదేళ్ళకి ఆ చట్టాన్ని రద్దు చేసుకున్నారు. చైనా 2021లో మైనర్లకు వారానికి మూడు గంటలే ఇచ్చింది. నా వరకు గంటలకంటే నిద్ర ముఖ్యం. పొద్దున్న ఏడింటికి బస్సెక్కాల్సిన పిల్లాడికి రాత్రి ఒంటిగంట మ్యాచ్ చేసే చెరుపు ఏ హింసాత్మక దృశ్యమూ చేయదు.

ఆడపిల్లల సంగతి ఈ చర్చలో ఎప్పుడూ వెనక్కి పోతుంది. అబ్బాయి ఆడితే చెడిపోతున్నాడంటారు గాని, ఆడనిస్తారు. అమ్మాయి హెడ్‌సెట్ పెట్టుకుని తెలియని మగగొంతులతో మాట్లాడుతోందంటే ఇల్లు ఒప్పుకోదు. ఆట లోపల ఆడగొంతు వినిపించగానే బూతులు మొదలయ్యే మాటా నిజమే. అందుకని చాలామంది మైక్ ఆపేసి, మగ పేరు పెట్టుకుని ఆడతారు. ఆటలో దొరికే తోడు గురించి ఇంత చెప్పుకున్నాక, ఆ తోడు సగంమందికి ఇంకా అందలేదని ఒప్పుకోవాలి.

బతుకుతెరువు విషయం ఒకింత జాగ్రత్తగా మాట్లాడాలి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన పోటీగా ఉన్నప్పుడు తీర్థ్ మెహతా భారత్‌కి కాంస్యం తెచ్చాడు. తర్వాతి ఆసియా క్రీడల్లో, హాంగ్‌ఝౌలో, అవి పతకాల పోటీలయ్యాయి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. అంతమాత్రాన ఆటలో ర్యాంక్ పెంచుకునే ప్రతి కుర్రాడికీ అది ఉద్యోగం కాదు. క్రికెట్ ఆడే ప్రతివాడూ రంజీకి వెళ్ళనట్టే. గేమ్‌లు తయారుచేయడంలో మాత్రం దారి ఇంకాస్త వెడల్పుగా ఉంది. తెలంగాణ 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం తెచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో ఉంది. ఇదే నగరంలో ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో 2017లో మన పురాణాల ఛాయతో అసుర అనే గేమ్ చేసింది. బొమ్మలేసేవాళ్ళు, కథ రాసేవాళ్ళు, సంగీతం చేసేవాళ్ళు, కోడ్ రాసేవాళ్ళు ఒకే గదిలో కూర్చునే పని ఇది. ఇంట్లో బొమ్మలేసుకునే పిల్లకి ఇలాంటి పని ఉందని చెప్పే కెరీర్ సలహాదారులు మన జూనియర్ కాలేజీల్లో కనబడరు.

ఇంత పెద్ద ఆటల లోకం గురించి తెలుగులో రాత దాదాపు లేదు. సినిమాకి శుక్రవారం మధ్యాహ్నానికే సమీక్షలు వస్తాయి. ఫొటోగ్రఫీ బాగుందనీ సెకండాఫ్ సాగిందనీ పదో తరగతి పిల్లాడూ చెప్పగలడు, ఎందుకంటే దశాబ్దాలుగా పత్రికలు ఆ భాష నేర్పాయి. గేమ్ గురించి పత్రికల్లో వచ్చేది నేర వార్తల పేజీలోనే. ఏ ఆట ఏ వయసుకి తగింది, ఏది కథ బాగా చెప్పింది, ఏది డైమండ్ల పేరుతో జేబు ఖాళీ చేస్తుంది, ఏది నలుగురు కలిసి ఆడుకోవడానికి బాగుంటుంది, ఇవి చెప్పే శీర్షిక ఒక్కటైనా మన ఆదివారం అనుబంధాల్లో మొదలవ్వాలి. రాయగలిగినవాళ్ళు ఉన్నారు. ఇంటర్నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ ఆడిన ఆ తరానికి ఇప్పుడు నలభై ఏళ్ళు, వాళ్ళ పిల్లలు ఫోన్ కావాలని అడుగుతున్నారు.